క్రూజ్ మధ్యలో ఒక దీవి: కుటుంబంతో ఓడ దిగి, రోజంతా గడిపి, వేళకు తిరిగి ఎక్కడం ఎలా?

క్రూజ్ ఓడ ఒక దీవి దగ్గర ఆగేది సాధారణంగా ఏడు నుంచి పది గంటలే. ఆ వ్యవధిలో చిన్నపిల్లలనూ పెద్దవారినీ వెంటబెట్టుకొని ఒడ్డున ఏం చేయవచ్చు, ఎంత చేయవచ్చు, వేళకు తిరిగి రావడం ఎలా అని చాలామంది అడుగుతున్నారు. దిగడానికి ముందు చేయవలసిన పనుల నుంచి తిరిగి ఓడ ఎక్కేంతవరకు జరగవలసిన క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. సన్నాహానికి ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే ఒడ్డున ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ముందురోజే ఉంటుంది.

1. రోజును చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ప్రణాళిక ఉదయం దిగే గంటతో మొదలు కాకూడదు. ప్రయాణికులందరూ ఓడలో ఉండవలసిన ఆఖరి సమయాన్ని, అంటే ఆల్ అబోర్డ్ సమయాన్ని, ముందుగా రాసుకోవాలి. ఇది ఓడ కదిలే సమయం కాదు. సాధారణంగా దానికన్నా అరగంట నుంచి గంట ముందు ఉంటుంది. ఓడలో రోజూ ఇచ్చే కార్యక్రమ పత్రంలోనూ, సంస్థ యాప్‌లోనూ, దిగే మెట్ల దగ్గర పెట్టే బోర్డు మీదా ఇది కనిపిస్తుంది.

ఆల్ అబోర్డ్ సాయంత్రం 4:30 అనుకుందాం. మీరు ఎంచుకున్న బీచ్ రేవుకు అరగంట దూరంలో ఉంది. అప్పుడు లెక్క ఇలా సాగుతుంది:

- 4:00: రేవు ద్వారం దగ్గర ఉండాలి. తనిఖీ వరుసకూ పిల్లల నడకకూ ఈ అరగంట సరిపోతుంది.
- 3:00: బీచ్ దగ్గర వాహనం ఎక్కాలి. ఉదయం అరగంట పట్టిన దారికి సాయంత్రం గంట కేటాయించాలి, ఎందుకంటే రేవులో ఉన్న ఓడలన్నిటి ప్రయాణికులూ దాదాపు ఒకే సమయంలో అదే రోడ్డు మీదికి వస్తారు.
- 2:30: నీళ్లలోంచి బయటికి రావాలి. ఇసుక కడుక్కొని, బట్టలు మార్చి, సామాను సర్దుకొని, మరుగుదొడ్డికి వెళ్లి రావడానికి పిల్లలున్న కుటుంబానికి అరగంట తప్పదు.

ఓడ ఉదయం 8 గంటలకు రేవు చేరినా, స్థానిక అధికారులు అనుమతి ఇచ్చాకే దిగనిస్తారు. మీరు బీచ్ చేరేసరికి 9:30 దాటవచ్చు. అంటే తొమ్మిది గంటల మజిలీలో మీ చేతిలో నికరంగా మిగిలేది అయిదు గంటలు. దిగిన ప్రతి కుటుంబమూ ముందు ఈ అయిదు గంటల సంగతి ఒప్పుకోవాలి. ఎక్కడికి వెళ్లాలన్న నిర్ణయం ఆ తర్వాతే తీసుకోవాలి.

ఓడ సమయమా, దీవి సమయమా? ఈ ఒక్క విషయం దగ్గర చాలా కుటుంబాలు చిక్కుల్లో పడతాయి. కొన్ని ఓడలు ప్రతి దీవికీ గడియారం మార్చుకుంటాయి. కొన్ని బయలుదేరిన రేవు సమయాన్నే ప్రయాణమంతా పాటిస్తాయి. మెక్సికోకు చెందిన కోజుమెల్ దీవిలో వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి లేదు. ఫ్లోరిడాలో ఉంది. అందువల్ల ఫ్లోరిడా సమయం పాటించే ఓడలో వేసవిలో అక్కడికి వెళితే, ఓడ గడియారం 4:30 చూపేటప్పుడు దీవిలో గోడ గడియారాలు 3:30 చూపుతాయి. ఫోను తనంతట తానే దీవి సమయానికి మారిపోతుంది కనుక, దాన్ని నమ్ముకున్నవారు ఇంకా గంట ఉందనుకుంటారు.

దీనికి పరిష్కారం తేలిక. మామూలు చేతి గడియారాన్ని ఓడ సమయానికి సరిచేసి ఒక పెద్దవారు పెట్టుకోవాలి, రోజంతా దాన్నే చూడాలి. ఫోనులో సమయం దానంతటదే మారే సదుపాయాన్ని ఆపివేసి, ఓడ సమయాన్ని చేత్తో అమర్చుకోవచ్చు. దీవివారితో వాహనం మాట్లాడుకునేటప్పుడు మాత్రం రెండు సమయాలూ పలికి ఖరారు చేసుకోవాలి.

2. రేవు ఎలాంటిదో ముందే తెలుసుకోండి

ఓడ నేరుగా గట్టుకు చేరుతుందా, లేక సముద్రంలో లంగరు వేసి చిన్న పడవల్లో ఒడ్డుకు పంపుతుందా అన్నది మొదటి ప్రశ్న. ఈ చిన్న పడవలను టెండర్లు అంటారు. గ్రాండ్ కేమన్ దీవిలోని జార్జ్‌టౌన్, గ్రీస్‌లోని శాంతోరిని ఇలాంటి రేవులే. ప్రయాణ పత్రంలో ఆ రేవు పక్కన టెండర్ అన్న మాట ఉందో లేదో చూడండి.

టెండర్ రేవు అయితే రోజు లెక్క మారుతుంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వరుస ఉంటుంది. మొత్తం మీద మరో గంట తగ్గించుకోండి. ఆఖరి టెండర్‌ను లక్ష్యంగా పెట్టుకోకండి. కెరటాలు ఎక్కువగా ఉంటే పడవకూ ఓడ మెట్టుకూ మధ్య ఎత్తు క్షణక్షణం మారుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి ఆ అడుగు కష్టం. చక్రాల కుర్చీని టెండర్‌లోకి అనుమతించాలా వద్దా అన్నది ఆనాటి సముద్రాన్ని బట్టి సిబ్బంది నిర్ణయిస్తారు. ముందురోజే అతిథి సేవల కౌంటర్ దగ్గర అడిగి ఉంచుకుంటే ఉదయం పెద్దవారిని వరుసలో నిలబెట్టి నిరాశపరచవలసిన పని ఉండదు.

శాంతోరిని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దిగిన చోటుకూ ఊరికీ మధ్య దూరం ఎంత సమయాన్ని మింగేస్తుందో అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. టెండర్ దించేది కొండ కింది పాత రేవులో. ఫిరా పట్టణం కొండ పైన ఉంటుంది. పైకి కేబుల్ కారులో వెళ్లాలి, లేదా 588 మెట్లు ఎక్కాలి. ఆ మెట్ల మీద గాడిదలూ నడుస్తాయి, పేడ వల్ల జారుడుగా ఉంటుంది. నాలుగు ఓడలు వచ్చిన రోజున సాయంత్రం దిగే కేబుల్ కారు వరుసే గంట దాటవచ్చు. చంటిబిడ్డతోనో, తాతగారితోనో మెట్ల మీదుగా దిగిపోదామనుకోవడం సరికాదు. కేబుల్ కారు వరుసకు సరిపడా సమయాన్ని ముందే తీసి పక్కన పెట్టాలి.

గట్టుకు చేరే రేవుల్లో అడగవలసినది వేరు: ఏ గట్టు? కోజుమెల్‌లో క్రూజ్ ఓడలు ఆగే గట్టులు మూడు ఉన్నాయి. పుంటా లాంగోస్టా ఊరి నడిబొడ్డున ఉంది. ప్వెర్టా మాయా ఊరికి దక్షిణంగా కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది. అమెరికా వర్జిన్ దీవుల్లోని సెయింట్ థామస్‌లో హావెన్‌సైట్, క్రౌన్ బే అని రెండు వేర్వేరు చోట్ల ఓడలు ఆగుతాయి. టాక్సీ డ్రైవరుతో క్రూజ్ పోర్టుకు పోనివ్వమంటే చాలదు. గట్టు పేరూ ఓడ పేరూ కాగితం మీద రాసి ప్రతి పెద్దవారి జేబులోనూ ఉంచాలి.

ఆ రోజు మరెన్ని ఓడలు వస్తున్నాయో కూడా చూడండి. రేవుల షెడ్యూళ్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఒకే ఓడ ఉన్న రోజున పేరున్న బీచ్‌కు నిశ్చింతగా వెళ్లవచ్చు. ఎక్కువ ఓడలు ఉంటే అందరికన్నా ముందు దిగాలి, లేదా అందరూ వెళ్లని చోటు ఎంచుకోవాలి.

3. రోజుకు ఒక్క పెద్ద పని

ఉదయం కోట, మధ్యాహ్నం బీచ్, సాయంత్రం బజారు అన్న పథకం కాగితం మీద బాగుంటుంది. అయిదు గంటల్లో మూడు చోట్లకు తిరిగితే పిల్లలకు గుర్తుండేది వాహనంలో చెమటతో కూర్చున్న సమయమే. ఒక పెద్ద పని పెట్టుకోండి. రేవు దగ్గర అరగంటలో ముగిసే చిన్న పని ఒకటి, సమయం మిగిలితేనే చేయడానికి, చేర్చుకోండి. అంతకుమించి వద్దని గట్టిగా చెబుతాను.

ఆ పెద్ద పనిని కుటుంబంలో అందరికన్నా తక్కువ ఓపిక ఉన్నవారిని బట్టి ఎంచుకోవాలి. మూడేళ్ల బిడ్డకు నీడ, మంచినీళ్లు, మరుగుదొడ్డి, లోతులేని నీరు ఉంటే చాలు. పదిహేనేళ్లవారికి స్నార్కెలింగ్, అంటే కళ్లకు అద్దం, నోటికి గొట్టం పెట్టుకొని నీటి మీద తేలుతూ లోపలికి చూడటం, కావాలనిపిస్తుంది. రెండూ ఒకేచోట ఉన్న బీచ్ దొరకకపోతే, ఇద్దరు పెద్దలున్న కుటుంబం రెండుగా విడిపోవడంలో తప్పులేదు. కలుసుకునే చోటూ సమయమూ ముందే ఖరారు చేసుకోవాలి, ఫోను పనిచేస్తుందన్న భరోసా మీద వదిలేయకూడదు.

ఓడ సంస్థ విహారమా, సొంత ఏర్పాటా? ఓడ సంస్థ ద్వారా కొన్న విహారయాత్ర ఆలస్యమైతే ఓడ సాధారణంగా ఎదురుచూస్తుంది. ఎదురుచూడలేకపోతే తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత సంస్థ తీసుకుంటుంది. సొంతంగా వెళ్లినవారి కోసం ఓడ ఆగదు. ఖర్చు మాత్రం సొంత ఏర్పాటులోనే తరచుగా తక్కువ అవుతుంది. బిడ్డ నిద్రపోతే ఆగే స్వేచ్ఛా ఉంటుంది.

దూరాన్ని బట్టి నిర్ణయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. రేవుకు అరగంట లోపు దూరమైతే సొంతంగా వెళ్లండి. దీవి అవతలి కొసకైనా, పడవ మీద మరో దీవికైనా, ఒకే ఒక్క కొండదారి ఉన్న చోటుకైనా ఓడ సంస్థ విహారాన్నే తీసుకోండి.

సొంతంగా ముందే డబ్బు కట్టి పడవనో బీచ్ క్లబ్బునో బుక్ చేస్తే, వాతావరణం వల్ల ఓడ ఆ దీవికి రాకపోతే డబ్బు వాపసు ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. గాలి ఎక్కువైతే ఓడలు రేవును వదిలేసి వెళ్లడం అరుదు కాదు. టెండర్ రేవుల్లో అది మరీ తరచు.

4. పత్రాలు, డబ్బు, ఫోను

మీ పాస్‌పోర్టుకు ఆ దీవి దేశపు వీసా కావాలా అన్నది ఇంటి దగ్గర ఉండగానే తేల్చుకోవాలి. ఓడలో ఉంటే వీసా అక్కరలేదని అనుకోకండి. కొన్ని దేశాలు ఒక్కరోజు దిగే క్రూజ్ ప్రయాణికులకు మినహాయింపు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. దీవులు మారిన కొద్దీ దేశాలూ మారతాయి కనుక ప్రతి రేవుకూ విడిగా చూడాలి.

ఒడ్డుకు తీసుకువెళ్లవలసినవి:

- ఓడ కార్డు (ఓడ దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ స్కాన్ చేసేది): పసిబిడ్డతో సహా ప్రతి ఒక్కరిదీ
- పెద్దలకు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు
- పాస్‌పోర్టు అసలు ప్రతి కావాలా, నకలు చాలా అన్న దానిపై ఆ రేవుకు ఓడ ఇచ్చిన సూచన ప్రకారం
- పాస్‌పోర్టులు, వీసాలు, బీమా పత్రం ఫొటోలు ఇద్దరి ఫోన్లలో
- ఆ రోజు కార్యక్రమ పత్రం, లేదా దాని ఫొటో. అందులో పోర్ట్ ఏజెంట్ (రేవులో ఓడ సంస్థ తరఫున పనిచేసే ప్రతినిధి) నంబరు ఉందో లేదో సరిచూసుకోండి
- రెండు వేర్వేరు జేబుల్లో రెండు బ్యాంకు కార్డులు
- చిన్న నోట్లలో కొంత నగదు

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. డాలరు అన్న మాట అన్ని దీవుల్లోనూ ఒకే డాలరు కాదు. ఒక కేమన్ దీవుల డాలరు విలువను 1.20 అమెరికా డాలర్లుగా స్థిరపరిచి ఉంచారు. భోజనశాలలో ధరల పట్టిక కేమన్ డాలర్లలో ఉంటే, మీరు అనుకున్నదానికన్నా అయిదో వంతు ఎక్కువ చెల్లించవలసి వస్తుంది. కొనేముందు ఏ డాలరు అని అడగండి.

ఓడ మీద ఫోనును ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచండి. నడిసముద్రంలో ఓడ సొంత సెల్ నెట్‌వర్క్‌కు ఫోను అంటుకుంటే బిల్లు భారీగా వస్తుంది. దీవి మ్యాపును ముందే దించుకొని నెట్ లేకుండా చూడగలిగేలా పెట్టుకోండి. అందులో ఓడ గట్టునూ, వెళ్లే చోటునూ గుర్తుపెట్టుకోండి.

5. ముందురోజు రాత్రి సర్దవలసిన సంచి

ఉదయం హడావిడిలో సర్దితే తప్పకుండా ఏదో ఒకటి మిగిలిపోతుంది. పిల్లలు పడుకున్నాక సంచి సర్ది తలుపు దగ్గర పెట్టండి.

- ఒక్కొక్కరికి ఒక నీళ్ల సీసా, ఓడలోనే నింపుకొని
- ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్
- పొడుగు చేతుల ఈత చొక్కాలు, అంచున్న టోపీలు
- రాళ్లు, సముద్రపు ముళ్ల జీవులు (సీ అర్చిన్లు) గుచ్చుకోకుండా నీటి చెప్పులు
- పొడి బట్టలు ఒక జత, తడి బట్టలకు ప్లాస్టిక్ సంచి
- చిన్నవారి సైజు లైఫ్ జాకెట్టు. బీచ్‌లో అద్దెకిచ్చేవి పసివాళ్లకు సరిపోవు
- పట్టీలు, జ్వరం మందు, పడవలో కళ్లు తిరగకుండా మాత్ర, ఓఆర్ఎస్ పొట్లాలు
- రోజూ వేసుకునే మందులు రెండు రోజులకు సరిపడా
- తడి తుడుపు కాగితాలు, మరుగుదొడ్డి కాగితం

రెండు రోజుల మందులు ఎందుకని కొందరు అడుగుతారు. ఓడ తప్పిపోతే మందులు ఓడలోనే వెళ్లిపోతాయి. బీపీ, మధుమేహం, ఉబ్బసం ఉన్నవారికి ఇది ప్రాణావసరం.

సన్‌స్క్రీన్ కొనేటప్పుడు వెనక రాసిన పదార్థాలు చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ పగడపు దిబ్బలకు హాని చేస్తాయన్న కారణంతో కొన్ని దీవులు చట్టాలు చేశాయి: పలావులో, అమెరికా వర్జిన్ దీవుల్లో 2020 నుంచి నిషేధం ఉంది, హవాయిలో 2021 నుంచి అమ్మకం ఆగిపోయింది. జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఆధారంగా చేసినవి తీసుకుంటే ఎక్కడా చిక్కు ఉండదు. ఆరు నెలల లోపు పసిబిడ్డకు సన్‌స్క్రీన్ కన్నా నీడా బట్టలే రక్షణ.

సంచిలో పెట్టకూడనివీ ఉన్నాయి. ఓడ అల్పాహారం దగ్గర నుంచి పండ్లు, గుడ్లు, శాండ్‌విచ్‌లు తీసుకుపోవద్దు; వ్యవసాయ చట్టాల ప్రకారం చాలా దీవులు వీటిని ఒడ్డుకు రానివ్వవు, జరిమానా వేసేవీ ఉన్నాయి. కంపెనీ ప్యాకింగ్ తెరవని బిస్కెట్లను చాలాచోట్ల అనుమతిస్తారు. పసిబిడ్డ ఆహారం గురించి ఓడలో అడిగి తీసుకువెళ్లండి. సైనికుల దుస్తుల్లాంటి మచ్చల బట్టలను కేబిన్‌లోనే వదిలేయండి. బార్బడోస్‌తో పాటు కొన్ని కరీబియన్ దేశాల్లో సాధారణ పౌరులు అవి తొడగడం నేరం. పిల్లల నిక్కర్లకూ ఇది వర్తిస్తుంది.

6. ఉదయం దిగే క్రమం

1. దిగడానికి గంటన్నర ముందు లేవండి. అల్పాహారం ఓడలోనే, కడుపునిండా తినిపించండి.
2. సన్‌స్క్రీన్‌ను కేబిన్‌లోనే, దిగడానికి అరగంట ముందు, పొడి ఒంటి మీద రాయండి. ఇసుక అంటాక పిల్లలు రాయనివ్వరు.
3. అందరూ మరుగుదొడ్డికి వెళ్లి రావాలి.
4. పిల్లల చేతికి పట్టీ కట్టి, దాని మీద ఓడ పేరు, మీ ఫోను నంబరు రాయండి. పిల్లల పేరు మాత్రం బయటికి కనిపించనివ్వకండి.
5. ఆ రోజు వేసుకున్న బట్టల్లో పిల్లలను ఫొటో తీయండి. తప్పిపోతే ఏ రంగు చొక్కా అన్న ప్రశ్నకు కంగారులో జవాబు రాదు.
6. ఓడ కార్డులు లెక్కపెట్టండి. దిగేటప్పుడు ప్రతి కార్డూ స్కాన్ అవుతుంది. ఎవరు బయట ఉన్నారో ఓడకు తెలిసేది దాని ద్వారానే.
7. గ్యాంగ్‌వే, అంటే ఓడ దిగే మెట్ల, దగ్గర బోర్డు మీది ఆల్ అబోర్డ్ సమయాన్ని ఫొటో తీయండి. ముందురోజు పత్రంలో ఉన్నదానికీ దీనికీ తేడా ఉంటే ఈ బోర్డునే నమ్మాలి.

టెండర్ రేవులో సంఖ్య ఉన్న టికెట్టు ముందుగా తీసుకోవాలి. ఓడ విహారం కొన్నవారిని మొదట పంపుతారు కనుక, తొలి గంటలో సొంతంగా వెళ్లేవారికి నిరీక్షణ తప్పకపోవచ్చు. స్ట్రోలర్‌ను మడిచి ఒకరు పట్టుకోవాలి, బిడ్డను మరొకరు ఎత్తుకోవాలి. రెండు చేతులూ నిండిన మనిషి టెండర్ ఎక్కకూడదు.

7. రేవు ద్వారం దాటాక

ద్వారం దాటగానే టాక్సీలవాళ్లు, విహారాలు అమ్మేవాళ్లు చుట్టుముడతారు. మొహమాటపడకుండా ముందుకు నడిచి, అధికారిక టాక్సీ స్టాండుకు వెళ్లండి. ధరల బోర్డు ఉంటే ఫొటో తీసుకోండి. ఎక్కేముందు నాలుగు సంగతులు అడగాలి: ధర తలకా, బండికా? ఒకవైపా, రానూపోనూనా? ఏ డబ్బులో? పిల్లలకూ పూర్తి ధరేనా? సెయింట్ థామస్‌లో టాక్సీ ధరలు ప్రభుత్వం తలకు ఇంత చొప్పున నిర్ణయించింది. అయిదుగురున్న కుటుంబం బోర్డు మీది ధర బండికి అనుకుంటే లెక్క తప్పుతుంది.

తిరుగు ప్రయాణానికి డ్రైవరును రమ్మంటే మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి. ఆయన రాకపోతే ఏం చేయాలో కూడా ఆలోచించుకొని ఉండండి: బీచ్ దగ్గర టాక్సీలు నిలిచి ఉంటాయా, భోజనశాలవారు పిలిపిస్తారా అని దిగగానే విచారించండి.

పిల్లల కారు సీటు దీవి టాక్సీల్లో సాధారణంగా ఉండదు. చిన్నబిడ్డ ఉంటే మీదే తీసుకువెళ్లండి, లేదా నడిచి చేరగల చోటునే ఎంచుకోండి. సొంతంగా కారు అద్దెకు తీసుకోవాలనుకునేవారు రోడ్డు ఏ పక్కన నడుస్తుందో తెలుసుకోవాలి. బహామాస్, బార్బడోస్, కేమన్, అమెరికా వర్జిన్ దీవుల్లో ఎడమవైపు నడుపుతారు. రోడ్డు దాటే పిల్లలకూ ఇది చెప్పి ఉంచాలి.

8. బీచ్‌లో

చేరగానే నీళ్లలోకి పరుగెత్తనివ్వకండి. మొదటి పది నిమిషాలు చుట్టూ చూడటానికే. లైఫ్‌గార్డు ఉన్నాడా, జెండా ఏ రంగు, మరుగుదొడ్డి ఎక్కడ, నీడ మధ్యాహ్నానికి ఏ వైపు జరుగుతుంది అన్నవి గమనించండి. పిల్లలు తప్పిపోతే వచ్చి నిలబడవలసిన గుర్తును, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేదాన్ని, వారితోనే ఎంచుకోనివ్వండి.

చాలాచోట్ల జెండాల అర్థం ఇది: ఆకుపచ్చ ప్రశాంతం, పసుపు మధ్యస్థ ప్రమాదం, ఎరుపు పెద్ద ప్రమాదం, రెండు ఎర్రజెండాలు ఉంటే నీళ్లలోకి దిగడమే నిషేధం, ఊదా రంగు అంటే జెల్లీఫిష్ వంటి జీవులున్నాయని. జెండాలూ లైఫ్‌గార్డూ లేని బీచ్‌లో పిల్లలను మోకాలి లోతు దాటనివ్వకండి.

నీళ్లలో పిల్లలున్నంతసేపు ఒక పెద్దవారు కాపలా ఉండాలి. ఆ సమయంలో వారికి ఫోను, పుస్తకం, కబుర్లు ఏవీ ఉండకూడదు. ఇరవై నిమిషాలకు ఒకసారి మనిషి మారాలి. మారేటప్పుడు ఇప్పుడు నీ వంతు అని నోటితో చెప్పాలి. అందరూ చూస్తున్నారనుకున్న చోట ఎవరూ చూడరు. ఈత రాని బిడ్డ ఎప్పుడూ చేతికి అందే దూరంలో ఉండాలి. గాలి నింపే చేతిపట్టీలు ఆటవస్తువులే, వాటిని రక్షణగా లెక్కపెట్టకూడదు.

ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ప్రవాహం దాటాక తిరగాలి. శక్తి చాలకపోతే తేలుతూ చెయ్యి ఊపాలి. పెద్దపిల్లలకు దీన్ని ఓడలోనే వేలితో గీసి చూపించండి.

కరీబియన్ తీరాల్లో మాంచినీల్ అనే చెట్టు ఉంటుంది. పచ్చని చిన్న ఆపిల్ పండులాంటి కాయలు కింద రాలి ఉంటాయి. ఆ కాయా, పాలూ విషం. వానలో దాని కింద నిలబడినా ఆకుల మీద నుంచి కారిన నీటితో చర్మం బొబ్బలెక్కుతుంది. కొన్ని చోట్ల మానుకు ఎర్రరంగు పట్టీ వేస్తారు లేదా బోర్డు పెడతారు, అన్నిచోట్లా ఉండదు. రాలిన కాయ ఏదైనా నోట పెట్టకూడదని పిల్లలకు దిగేముందే చెప్పండి. తెలియని చెట్టు నీడలో చాప పరచకండి.

తోక ముల్లుతో గుచ్చే స్టింగ్‌రే చేపలున్న ఇసుక నేల మీద అడుగులు ఎత్తి వేయకుండా పాదాలు ఈడుస్తూ నడవాలి. అలికిడికి అవి తొలగిపోతాయి. పగడాల మీద నిలబడకూడదు. అవి చర్మాన్ని చీరుతాయి, విరిగితే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడతాయి.

సన్‌స్క్రీన్ రెండు గంటలకొకసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ తిరిగి రాయాలి. చెవులు, పాదాల పైభాగం, మెడ వెనుక భాగం మరిచిపోయేవారే ఎక్కువ. స్నార్కెలింగ్ చేసేవారికి వీపు, మోకాళ్ల వెనుక భాగం మాడిపోతాయి కనుక పొడుగు చేతుల చొక్కా తీయనివ్వకండి.

9. భోజనం, అలసట

దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగించండి. తలనొప్పి, చిరాకు, మూత్రం తగ్గడం కనిపిస్తే పిల్లలను నీడలోకి తీసుకురండి, ఓఆర్ఎస్ ఇవ్వండి. వాంతి, మగత కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యసహాయం తీసుకోండి.

ఒడ్డున తినదలిస్తే జనం రాకముందే, పదకొండున్నరకే, ఆర్డరు ఇవ్వడం మేలు. దీవుల్లో వంట నిదానంగా జరుగుతుంది. ఒంటిగంటకు అడిగితే మీ అయిదు గంటల్లో ఒకటి బల్ల దగ్గరే గడిచిపోతుంది. ఓడ గట్టుకే ఆగి, బీచ్ దగ్గరలోనే ఉంటే, భోజనానికి ఓడకు తిరిగి రావడం పసిపిల్లలున్నవారికి ఎంతో హాయి. తిండికి అదనపు ఖర్చు లేదు, బిడ్డ చల్లని గదిలో నిద్రపోతుంది, పెద్దపిల్లలతో ఒకరు మళ్లీ దిగవచ్చు.

10. తిరుగు దారి

మొదట రాసుకున్న సమయం రాగానే లేవండి. పిల్లలకు ఒకసారి అరగంట ముందు, ఒకసారి పది నిమిషాల ముందు చెబితే ఏడుపు తగ్గుతుంది. వాహనం ఎక్కేముందు మనుషులను, ఓడ కార్డులను, ఫోన్లను లెక్కపెట్టండి.

కొనుగోళ్లు చివరికి పెట్టుకోండి, రేవు ద్వారం లోపలి దుకాణాల్లోనే చేయండి. ఓడ కంటిముందు ఉంటుంది. గవ్వలు, ఇసుక, పగడం ముక్కలు ఏరుకోనివ్వకండి. ఇటలీలోని సార్డీనియాలో 2017 చట్టం ప్రకారం ఇసుక, గవ్వలు తీసుకుపోతే 500 నుంచి 3,000 యూరోల దాకా జరిమానా ఉంది. తాబేలు చిప్ప వస్తువుల వ్యాపారాన్ని అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది. నల్లపగడానికీ క్వీన్ కాంక్ శంఖానికీ అనుమతి నియమాలున్నాయి. దుకాణంలో అమ్ముతున్నంత మాత్రాన ఇంటికి తీసుకుపోవచ్చని కాదు.

ఓడ ఎక్కేటప్పుడు సంచులు ఎక్స్‌రే గుండా వెళతాయి. ఒడ్డున కొన్న మద్యాన్ని సాధారణంగా తీసి ఉంచి ఆఖరి రోజు ఇస్తారు.

11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

- కార్డులన్నీ ఒకరి దగ్గరే ఉండటం. ఆ సంచి పోతే అందరూ ఇరుక్కుంటారు. ఇద్దరు పెద్దల మధ్య పంచండి. పోయిందని తెలిస్తే వెంటనే గట్టు దగ్గరి ఓడ సిబ్బందికి చెప్పండి. ఫొటో గుర్తింపు చూపితే లోపలికి రానిస్తారు, కొత్త కార్డు ఇస్తారు.
- తాడు మీద ఆరేసిన బట్టలా మెడలో కార్డు వేలాడదీయడం. నీళ్లలో జారిపోతుంది. జిప్పున్న లోపలి జేబులో పెట్టండి.
- చివరి గంటలో కొత్త చోటు చేర్చడం. దారిలోనే ఉందని డ్రైవరు అన్నా సరే, వద్దనండి.
- పెద్దవారిని బలవంతంగా తీసుకుపోవడం. రేవులో ఓడ దాదాపు ఖాళీగా ఉంటుంది, కొలను దగ్గర ప్రశాంతంగా ఉంటుంది. అమ్మమ్మగారు అక్కడే ఉంటానంటే ఆ మాట మన్నించండి.
- వాన వస్తే రోజంతా పాడైందనుకోవడం. ఉష్ణమండల దీవుల్లో జల్లు అరగంటలో వెలియడం మామూలే. ఉరుము వినిపిస్తే మాత్రం నీళ్లలోంచి బయటికి వచ్చి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

12. ఓడ తప్పిపోయేలా ఉంటే, తప్పిపోతే

ఆలస్యం ఖాయమని అనిపించిన క్షణంలోనే కార్యక్రమ పత్రంలోని పోర్ట్ ఏజెంట్ నంబరుకు ఫోను చేయండి. రేవు చేరేదాకా ఆగకండి. ఎంతమంది, ఎక్కడ ఉన్నారు, ఇంకెన్ని నిమిషాలు పడుతుంది అన్నవి చెప్పండి. ఓడ ఆగుతుందన్న హామీ లేదు, అయినా సమాచారం ముందే చేరితే కెప్టెన్‌కు నిర్ణయించుకునే వీలుంటుంది.

ఓడ కదిలిపోయి ఉంటే దాని వెంట పడవ వేసుకొని వెళ్లాలన్న ఆలోచన మానేయండి. కదులుతున్న ఓడలోకి ప్రయాణికులను ఎక్కించుకోరు. నేరుగా పోర్ట్ ఏజెంట్ కార్యాలయానికి వెళ్లండి. ప్రయాణికులు రాలేదని తెలిసినప్పుడు సిబ్బంది కేబిన్ లాకర్‌లోని పాస్‌పోర్టులను తీసి ఏజెంట్‌కు అప్పగించి వెళ్లడం చాలా ఓడల్లో ఆనవాయితీ. పాస్‌పోర్టులు కేబిన్‌లో వదిలేవారు వాటిని సూట్‌కేసు అడుగున దాచకుండా లాకర్‌లోనే పెట్టడానికి ఇదొక కారణం.

ఆ తర్వాతి క్రమం ఇది:

1. తర్వాతి రేవు ఏది, అక్కడికి వీసా కావాలా, విమానం ఉందా అని ఏజెంట్‌ను అడగండి. కొన్నిసార్లు ఒక రేవు వదిలేసి ఆపై రేవులో ఎక్కడమే సులువు.
2. ఆ రాత్రికి బస ముందు చూసుకోండి, పిల్లలకు తిండి పెట్టండి. విమానం టికెట్లు ఆ తర్వాత కొనవచ్చు.
3. ప్రయాణ బీమా సంస్థకు అదే రోజు తెలియజేయండి. ట్రాఫిక్ ప్రమాదం వల్లనో వైద్య కారణం వల్లనో ఆలస్యమైతే దానికి ఆధారంగా కాగితం, ఫొటో, రసీదు ఏదైనా తీసి ఉంచండి.
4. పాస్‌పోర్టులు ఓడలోనే వెళ్లిపోయి ఉంటే మీ దేశ రాయబార కార్యాలయాన్ని సంప్రదించండి; ఫోన్లో ఉన్న పాస్‌పోర్టు ఫొటోలు ఇక్కడే అక్కరకు వస్తాయి.
5. మీ కుటుంబంలో కొందరు ఓడలోనే ఉంటే, వారికి కబురు ఏజెంట్ ద్వారా పంపండి. చిన్నపిల్లలను ఓడలోని పిల్లల క్లబ్బులో వదిలి దిగినవారు ఈ సంగతి ఏజెంట్‌తో మాట్లాడే మొదటి వాక్యంలోనే చెప్పాలి.